ఫోన్ ట్యాపింగ్, గోప్యత: భారత చట్టాల చరిత్ర

ఫోన్ సంభాషణలను చాటుగా వినే అధికారం భారత ప్రభుత్వానికి సెల్‌ఫోన్‌తో వచ్చింది కాదు. బ్రిటిష్ పాలనలో చేసిన 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని 5వ సెక్షన్ దానికి మూలం. ప్రజా అత్యవసర పరిస్థితిలో లేదా ప్రజాభద్రత కోసం తంతి సందేశాలను మధ్యలో పట్టుకోవచ్చని చెప్పిన ఆ సెక్షనే ల్యాండ్‌లైన్లకు, 1995 జూలై 31న దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ వెళ్లాక మొబైళ్లకు వర్తించింది. ఎవరి అనుమతితో వినాలి, ఎన్నాళ్లు వినాలి, విన్నదాన్ని ఏం చేయాలి? వీటికి నియమాలే లేకుండా శతాబ్దం గడిచిపోయింది.

రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్‌పై సీబీఐ నివేదిక బయటపడ్డాక, 1991లో పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 1996 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. ఇంట్లోనో ఆఫీసులోనో ఫోన్‌లో మాట్లాడుకోవడం గోప్యత హక్కులో భాగమేనని కోర్టు స్పష్టం చేసింది. హోంశాఖ కార్యదర్శి రాతపూర్వక ఉత్తర్వు ఉండాలని, అది రెండు నెలలే చెల్లుతుందని, ఎంత పొడిగించినా ఆరు నెలలు దాటకూడదని, పైన సమీక్షా కమిటీ ఉండాలని నిర్దేశించింది. కానీ న్యాయమూర్తి ముందస్తు అనుమతి తప్పనిసరి చేయాలన్న వాదనను మాత్రం ఒప్పుకోలేదు. చట్టంలో లేనిదాన్ని తాము చేర్చలేమంది. ఆ ఒక్క లోటు నేటికీ తీరలేదు.

టెలిగ్రాఫ్ చట్టం కింద 2007లో చేర్చిన 419-ఎ నిబంధన ప్రకారం కేంద్రంలో క్యాబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి సమీక్షా కమిటీకి అధ్యక్షులయ్యారు. అంటే సంతకం పెట్టేదీ అధికారే, ఆ సంతకాన్ని తనిఖీ చేసేదీ అధికారులే. ఎవరి ఫోన్ విన్నారో వారికి ముందు గానీ తర్వాత గానీ కబురందదు. తెలియని అన్యాయం మీద ఎవరైనా కోర్టుకు ఎలా వెళతారు?

2017లో గోప్యతపై ఒత్తిడి మరో రూపంలో వచ్చింది. సిమ్‌ను ఆధార్‌తో జతచేయాలని టెలికాం శాఖ మార్చి 23న ఉత్తర్వు ఇచ్చింది. రోజూ మెసేజీలు, మొబైల్ షాపుల ముందు క్యూలు. కూలి పనులతో వేళ్ల గీతలు అరిగిపోయినవాళ్లు వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టి, తుడుచుకుని, మళ్లీ పెట్టేవారు. ఆగస్టు 24న, ఆధార్‌ను సవాలు చేసిన పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యతను ఏకగ్రీవంగా ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. 2018 సెప్టెంబరు 26న వచ్చిన ఆధార్ తీర్పు ఆ సిమ్ ఉత్తర్వును కొట్టేసింది.

ట్యాపింగ్‌ను ఎవరు తనిఖీ చేస్తారన్న ప్రశ్న తెలంగాణలో మరింత దగ్గరగా వచ్చి నిలిచింది. రాష్ట్ర పోలీసుల ప్రత్యేక నిఘా విభాగంలో అక్రమంగా ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారిన సమయంలో హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారని 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట పోలీసు స్టేషన్‌లో కేసు నమోదైంది. ఆ ఆరోపణ నిజమైతే, ఎవరెవరి మాటలు విన్నారో చెప్పాల్సిన ఆధారమే పోయిందన్నమాట.

1885 చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం చేశారు. దాని కింద 2024 డిసెంబరులో కొత్త ట్యాపింగ్ నిబంధనలు వెలువడ్డాయి. వాటిలోనూ ఉత్తర్వు ఇచ్చేది హోంశాఖ కార్యదర్శే, సమీక్షించేది అధికారుల కమిటీయే.