ఓవర్ డ్రాఫ్టు

ఖాతాలోని నిల్వకు మించి పైకము తీసికొనుటకు బ్యాంకు ముందుగా నిర్ణయించి యిచ్చు పరిమితిని ఓవర్ డ్రాఫ్టు అందురు. వర్తకుల నోట నిది ‘ఓడీ’. 1728లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండు విలియం హాగ్ అను ఎడింబరో వర్తకునకు కల్పించిన సదుపాయమే దీనికి మొదలని ప్రతీతి. అమెరికాలో నిల్వ చాలని చెల్లింపును బ్యాంకే భరించి, అందులకు పర్యాయమునకు సుమారు 35 డాలర్ల రుసుము గుంజు ఆచారము చిరకాలము సాగినది. ఏటీఎం, కార్డు లావాదేవీలపై ఇట్టి రుసుము వేయుటకు ఖాతాదారుని సమ్మతి యుండవలెనను నిబంధన 2010లో గాని రాలేదు.

మన దేశమున సామాన్యుని పొదుపు ఖాతాకు ఈ బెడద లేదు. నిల్వ చాలనిచో చెల్లింపే ఆగిపోవును. అయినను ఆగుటయు ఉచితము కాదు. చెక్కు తిరిగివచ్చినను, వాయిదా సొమ్ము ఖాతానుండి చెల్లకున్నను, చాలా బ్యాంకులు రుసుము విధించును. బాకీ తీర్చుటకిచ్చిన చెక్కైనచో చెక్కులు మొదలగు పత్రములకు సంబంధించిన 1881 నాటి చట్టములోని 138వ సెక్షను క్రింద కేసునకును అవకాశము గలదు. కనీస నిల్వ లేదని వేయు రుసుము మూలముననే పొదుపు ఖాతా ‘మైనస్’లోనికి పోరాదని రిజర్వు బ్యాంకు శాసించిన నియమము 2015 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. కేంద్రప్రభుత్వ జనధన పథకము క్రింద తెరచిన ఖాతాలకు కనీస నిల్వ నియమమే లేదు.

ఖమ్మం జిల్లాలో కొత్తగూడెం అడవుల దాపుననున్న ఏన్కూరువంటి మండలమున ఓడీ యనగా ముఖ్యముగా చెప్పుకొనవలసినది ఈ జనధన ఖాతాలకు గల సదుపాయమే. 2014 ఆగస్టు 28న ఆరంభమైన ఈ పథకమున తొలుత 5,000 రూపాయలుగానున్న పరిమితి 2018లో 10,000 రూపాయలైనది. అందు 2,000 రూపాయల వరకు షరతులు లేవు. అంతకు మించినచో ఆరునెలలు సక్రమముగా నడచిన ఖాతాకు, కుటుంబమున ఒకరికి, అందును స్త్రీకి ప్రాధాన్యమిచ్చి మంజూరు చేయుదురు. ఈ ఓడీ అడుగనిదే వచ్చునది కాదు. బ్యాంకునకు పోయి దరఖాస్తు చేసికొనవలెను. జనధన ఖాతా యున్నంతమాత్రమున అప్పు చేతికందినట్లేయని తలచుట పొరపాటు.

వడ్డీ పరిమితిపై గాక, వాడుకొన్న సొమ్ముపై, వాడుకొన్న దినములకే పడును. నూటికి ఏడాదికి 12 వంతున 2,000 రూపాయలు 30 దినములు వాడినచో వడ్డీ 20 రూపాయలకు లోపే. పదవనాడే కూలి డబ్బు జమయైనచో 7 రూపాయలు దాటదు. పత్తి, మిరప రైతులకు 1998 నుండి లభించుచున్న కిసాన్ క్రెడిట్ కార్డును తీసికొనుచు కట్టుచు నుండదగిన ఇట్టి నడక ఖాతాయే. కాని ఏడాదికొకమారు మొత్తము కట్టి, మరల మొత్తము తీయు అలవాటుచేత ఆ సౌలభ్యము చాలవరకు వ్యర్థమగుచున్నది.

నిల్వ చాలక చెల్లింపు ఆగినచో కలుగు నష్టమునకు ఒక ఉదాహరణము చూడుడు. మే నెలాఖరున ఖాతాదారుని సమ్మతిపై జీవనజ్యోతి బీమాకు 436, సురక్షా బీమాకు 20 రూపాయలు ఖాతానుండి వాటంతటవే పోవును. మిరప సొమ్ము అప్పులకు చెల్లిపోయి, విత్తనములకు పెట్టుబడి వెదకికొను దినములవి. ఆ వారమున ఖాతాలో 456 రూపాయలు లేకున్నచో ప్రీమియము కట్టుబడక బీమా రక్షణయే తప్పిపోవును.