రెండవ ప్రతి

అమీన్‌పూర్‌కు సమీపమున, పటాన్‌చెరులో 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ పరిశోధనా సంస్థలో ఒక విత్తన భాండాగారము ఉన్నది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుసెనగ, రాగి మున్నగు పంటల నమూనాలు 1,20,000కు పైగా అందు భద్రముగా ఉన్నవి. దీర్ఘకాలము నిలువవలసిన విత్తనములను సున్నకు దిగువ 20 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో ఉంచెదరు. ఇంత కట్టుదిట్టము చేసియు, ఆ సంస్థ తన విత్తనముల ప్రతులను నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో 2008లో ప్రారంభమైన ప్రపంచ విత్తన నిధికి కూడ పంపినది. ఎందులకు?

చలి విత్తనము యొక్క మొలకెత్తు శక్తిని కాపాడును గాని, భవనమునకే ఆపద వచ్చినచో ఏమి చేయగలదు? సిరియాలోని అలెప్పో నగరము చెంత ఇకార్డా అను సంస్థకు ఇట్టి భాండాగారమే ఉండెడిది. 2011లో మొదలైన అంతర్యుద్ధము వలన దానిని ఉపయోగించుకొను వీలు పోయినది. స్వాల్‌బార్డ్‌కు ముందుగా పంపియుంచిన ప్రతులను ఆ సంస్థ 2015లో తెప్పించుకొని, లెబనాన్, మొరాకో దేశములలో సాగుచేసి, 2017లో కొత్త విత్తనమును మరల అచ్చట దాచినది. రెండవ ప్రతి వేరొక చోట ఉండుట వలననే ఇది సాధ్యమైనది.

కంప్యూటరు ఫైళ్ళకును ఇదే సూత్రము వర్తించును. వీటి ప్రతిని తీసి ఉంచుటనే బ్యాకప్ అందురు. 1979లో బెల్ ప్రయోగశాలల నుండి వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులో ‘టార్’ అను ఆజ్ఞ ఉన్నది. ‘టేప్ ఆర్కైవ్’ అను మాటలకు ఇది సంక్షేపము. ఒక్క వరుస టైపు చేసినచో అది అనేక ఫైళ్ళను ఒకే మూటగా కట్టి అయస్కాంతపు టేపు మీద వ్రాయును. కాని ఫైలులో ఒక్క అంకె మారినను, ఆ ఫైలునంతటిని మరల వ్రాయవలసినదే.

ఈ శ్రమను తగ్గించుటకు 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరస్ ‘ఆర్‌సింక్’ను రూపొందించిరి. దాని పద్ధతిని ఒక ఉదాహరణతో గ్రహింపవచ్చును. మార్కుల రిజిస్టరు ఒకటి అమీన్‌పూర్‌లోను, దాని పాత ప్రతి సంగారెడ్డిలోను ఉన్నవనుకొందము. సంగారెడ్డి వారు తమ ప్రతిలోని పుటల మొత్తములను మాత్రము తెలియజేయుదురు. అమీన్‌పూర్ వారు వానిని సరిచూచి, తేడా ఉన్న పుటలనే పంపుదురు. అయితే వేర్వేరు అంకెలకు ఒకే మొత్తము రావచ్చును గదా! అందుచేత ఆర్‌సింక్ ఒక తేలిక లెక్కతో మొదట పోల్చి, సరిపోయిన చోట మరింత గట్టి లెక్కతో నిర్ధారించుకొనును. నడుమ ఒక పేరు చేరి పుటలన్నియు జరిగినను, పాత భాగములను ఏ స్థానమునుండియైనను గుర్తింపగలదు.

ఆజ్ఞకు మంచిచెడ్డల విచక్షణ లేదు. ‘డిలీట్’ అను ఎంపిక చేర్చినచో, మూలములో పొరపాటున చెరిపిన ఫైలు ప్రతిలోను చెరిగిపోవును. కనుక ముందుగా ‘డ్రై రన్’ ఎంపికతో ఏమేమి మారునో చూచుకొనవలెను. పాత తేదీల ప్రతులను గూడ విడిగా ఉంచవలెను.

విత్తన భాండాగారములలో అప్పుడప్పుడు కొన్ని గింజలను మొలకెత్తించి చూచెదరు. మొలవని గింజ ఎంత చలిలో ఉన్నను విత్తనము కాదు. అట్లే, తిరిగి తెరచి చూడని ప్రతిని బ్యాకప్ అని నమ్మరాదు.