వాలియంకు లొంగని చిట్టెలుకలు

చిట్టెలుక ఆందోళనగా ఉందని మీరెలా కనిపెడతారు? అది నోరు విప్పి చెప్పదు కదా! ప్రయోగశాలల్లో ఇందుకొక ఉపాయం ఉంది. కూడిక గుర్తు ఆకారంలో నాలుగు సన్నని దారులను కలిపి నేలకు ఎత్తుగా నిలబెడతారు. రెండు దారులకు గోడలుంటాయి, మిగతా రెండింటికి ఉండవు. బెదిరిన చిట్టెలుక గోడల చాటు వదలదు. దానికి తగుమోతాదులో డయాజెపామ్ ఇస్తే గోడల్లేని దారుల్లో కూడా తిరుగుతుంది. 1963లో వాలియం పేరుతో అమెరికా మార్కెట్లోకి వచ్చిన మందు ఇదే.

ఈ మందు మెదడులో ఎలా పనిచేస్తుందో చాలా ఏళ్లు ఎవరికీ తెలియలేదు. కోట్లాది మంది మింగుతున్న మాత్ర సంగతి ఇది! 1972లో అమెరికాలో వైజ్, బెర్జర్, స్టైన్ అనే శాస్త్రజ్ఞులు ఇదే కుటుంబానికి చెందిన ఆక్సజెపామ్‌ను పెద్ద ఎలుకలపై పరీక్షించారు. మెదడులో సెరటోనిన్ రాకపోకలను తగ్గించడం వల్లనే భయం పోతున్నదని వాదించారు. మూడేళ్లు తిరిగేసరికి, 1975లో, కథ మారింది. ఈ మందులు గామా అమైనో బ్యూటిరిక్ ఆమ్లం, అంటే గాబా, చేసే పనికి బలమిస్తాయని తేలింది. గాబా నాడీకణాల జోరు తగ్గించే రసాయనం. సెరటోనిన్‌ను విడుదల చేసే కణాలకు పగ్గం వేసే వాటిలో అదీ ఒకటి. కాబట్టి 1972 నాటి వాదన పూర్తిగా తప్పని నేననుకోను.

మరి సెరటోనిన్‌కు కూడా గాబా మీద పట్టు ఉందా? 1998లో మూడు అమెరికన్ బృందాలు, 5-హెచ్‌టి1ఎ అనే సెరటోనిన్ గ్రాహకం లేని చిట్టెలుకలను విడివిడిగా రూపొందించాయి. మూడు చోట్లా అవి పిరికివిగానే తయారయ్యాయి. 2000లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన మిక్లోష్ టోత్ బృందం తమ చిట్టెలుకలకు డయాజెపామ్ ఇచ్చి చూసింది. వాటి భయం తగ్గలేదు! మెదడును పరిశీలిస్తే, గాబా గ్రాహకంలో ఈ మందు పనిచేయడానికి అవసరమైన ఆల్ఫా-1, ఆల్ఫా-2 భాగాలు కొన్ని ప్రాంతాల్లో తగ్గిపోయి ఉన్నాయి. సెరటోనిన్ వైపు ఒక జన్యువును తీసేస్తే, గాబా వైపు మందు పట్టు సడలిందన్నమాట.

అంతటితో తేలిపోయిందని మీరనుకోవచ్చు. కాని ఆ చిట్టెలుకలు స్విస్-వెబ్‌స్టర్ రకానివి. సి57 బ్లాక్ 6 అనే మరో రకంలో అదే జన్యువును తొలగించినప్పుడు పిరికితనం వచ్చింది గాని, డయాజెపామ్ మామూలుగానే పనిచేసింది. బెయిలీ, టోత్ 2004లో ఈ సంగతి ప్రకటించారు. రెండు రకాల్లోనూ పోయిన జన్యువు ఒక్కటే, ఇచ్చిన మందూ ఒక్కటే. తేడా తెచ్చినవి ఆ రకంలోని ఇతర జన్యువులని వారు భావించారు.

ఆ సంవత్సరమే అమెరికాలో, హఠాత్తుగా తీవ్రమైన భయం ముంచుకొచ్చే పానిక్ రుగ్మత ఉన్నవారి మెదళ్లను పెట్ స్కాన్‌తో పరిశీలించారు. వారిలోనూ 5-హెచ్‌టి1ఎ గ్రాహకం కొన్ని చోట్ల తక్కువగా కనిపించింది. అయితే వారిలో ఏ రోగికి వాలియం పనిచేస్తుందో, ఎవరికి పనిచేయదో ఆ చిత్రాలను చూసి చెప్పడం సాధ్యం కాలేదు.