అధ్వనీనశబ్దమును కాశీయాత్రాసన్నాహమును

అమరకోశమునఁ బాంథ, పథిక, అధ్వనీనాది శబ్దములైదును బర్యాయములుగాఁ బఠింపఁబడినవి. వానికెల్ల బాటసారి యని యొక్క యర్థమే చెప్పి మనము ముందునకు సాగుదుము. నేనును ముప్పదియేండ్లు విద్యార్థుల కట్లే చెప్పితిని. అది పద్యార్థమునకుఁ జాలును గాని, యాత్రాచరిత్రలను జదువువారికిఁ జాలదని యిప్పుడు తోఁచుచున్నది.

పాణిని యీ శబ్దములను వేఱువేఱుగా సాధించినాఁడు. త్రోవను బోవువాఁడు పథికుఁడు (5.1.75). నిత్యమును ద్రోవఁ బోవువాఁడు పాంథుఁడు (5.1.76). అధ్వనీనశబ్దమన్ననో, వేఱొక పాదమునఁ (5.2.16) బూర్వసూత్రమునందలి 'అలంగామి' పదముయొక్క యనువృత్తితో సిద్ధించును. 'అలమ్' అనఁగాఁ జాలినంత. కావునఁ దలపెట్టిన దూరమునకుఁ జాలునట్లు పోఁగలవాఁడే యధ్వనీనుఁడు. మొదటి శబ్దము క్రియను, రెండవది నిత్యత్వమును, మూఁడవది సామర్థ్యమును దెలుపుచున్నవి. యాత్రకు సన్నాహమనఁగా నీ మూఁడవదానిని సంపాదించుకొనుటయే.

ఈ భేదమునకుఁ దెనుఁగున మంచి యుదాహరణము ఏనుఁగుల వీరాస్వామయ్య కాశీయాత్ర. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన యీయన, సుమా రేఁబదియేండ్ల ప్రాయమున, 1830 మే 18వ తేదిని బయలుదేఱి 1831 సెప్టెంబరు 3వ తేదికి మరల నిల్లు చేరెను. కడప, హైదరాబాదు, నాగపురము మీఁదుగాఁ గాశికిఁ బోయి, గయ, కలకత్తా, జగన్నాథములు చూచి తూర్పుతీరము వెంట వచ్చెను. త్రోవలోనుండి కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకుఁ దెలుపుచు వచ్చిన వృత్తాంతమే, వీరాస్వామయ్య 1836లో గతించిన పిమ్మట, 1838లో కాశీయాత్రచరిత్రగా ముద్రితమయ్యెను.

ఆయన పోయినది పల్లకిలో. వెంట నూఱుమందికి దాఁపు పరివారము. మోసినవారు బోయీలు. శబ్దార్థమును బట్టి చూచిన యజమానుఁడు పథికుఁడు. బోయీలు పాంథులును, అధ్వనీనులును. ఏఁబదియేండ్లవాని సంకల్పమునకుఁ గావలసిన 'అలమ్' వారి భుజములయందును బాదములయందును ఉండెను.

దీనికి సాక్ష్య మా గ్రంథమే. వీరాస్వామయ్య మజిలీ మజిలీకిని దూరమును, బాట యిసుకయో రాయియో, నీరు గలదో లేదో, అంగళ్లలో నేమి దొరకునో వ్రాసి పెట్టెను. ఇవి యెక్కువగాఁ బల్లకిలోఁ గూర్చున్నవాని యక్కఱలు గావు, నడచువాని యక్కఱలు. మజిలీ యన్న మాటయు 'దిగుచోటు' అను నర్థముగల అరబ్బీ మంజిల్ శబ్దమునుండి వచ్చినదే. ఆ దిగుచోటులను దూరదూరముగా నుంచుటయో దగ్గఱగా నుంచుటయో మోయువాని యలసటను జూడక నిర్ణయింప శక్యము గాదు. ముందు పోవువారి కుపయోగపడు నీ వివరములవలననే యా గ్రంథము తరువాతి యాత్రికుల సన్నాహమునకు సాధనమయ్యెను.

ఈ విచారమునకు నన్నుఁ బురికొల్పినది నా స్వంతకార్యమే. నాకిప్పు డేఁబదియైదేండ్లు. శ్రీశైలమునకు నడచి పోవలెనను కోరిక యిరువదియేండ్లనాఁటిది. వీరాస్వామయ్యయు ఆత్మకూరు దిక్కునుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మార్గముననే యా కొండకుఁ బోయెను. నేఁడు బస్సు లున్నను, ఉగాదికిఁ గన్నడదేశపు భక్తులు వేలకొలఁదిగా నా యడవిత్రోవనే నడచుచున్నారు. నాకు బోయీలు లేరు. 'అలమ్' నా మోఁకాళ్లయందే యుండవలెను. నాలుగుమాసములుగాఁ బ్రాతఃకాలమున నడచుచున్నాను. మొదట నొక క్రోశమునకే కూలఁబడితిని. ఇప్పుడు మూఁడు క్రోశములు సాగుచున్నవి. మూటలోని వ్యాకరణగ్రంథమును దీసివేసి రెండవ నీళ్లసీసా నుంచితిని. మూఁడవ క్రోశమున నొక చెట్టుక్రిందఁ గూర్చుండినపుడు, పరుల బరువు నెత్తుకొని పదునైదు మాసములకుఁ బైగా నడచినవారిని నేను పాఠములోఁ బేరైనఁ దలఁప లేదే యని సిగ్గుపడితిని.

పాఠశాలల పండితులు పర్యాయములు చెప్పినపు డీ భేదమును గూడఁ జెప్పుదురుగాక. మన యితర యాత్రాగ్రంథములలో బోయీల కూలిని, సంఖ్యను, దినమునకు వారు నడచిన దూరమును దెలుపు భాగములను ఎఱిఁగినవా రీ పత్రికకు వ్రాయఁ బ్రార్థించుచున్నాను. యాత్రికుల చరిత్ర మనకుఁ గొంత లభించినది. అధ్వనీనుల చరిత్ర మిఁక వ్రాయవలసియున్నది.