‘క్లౌడ్ నైన్’కు ఆ తొమ్మిది ఎక్కడిది?

మంచి ర్యాంకు వచ్చినా, సినిమా హిట్టయినా, ఇంట్లో పాప పుట్టినా ‘ఆన్ క్లౌడ్ నైన్’ అంటారు ఇంగ్లిష్‌లో. పట్టరాని సంతోషంలో ఉన్నామని చెప్పడం అన్నమాట. ఆనందంతో మబ్బుల్లో తేలిపోవడం మనకూ తెలిసిందే. మరి ఆ తొమ్మిదో నంబరు సంగతేమిటి?

ఎక్కువగా వినిపించే కథ వాతావరణ శాస్త్రానిది. 1896లో ‘ఇంటర్నేషనల్ క్లౌడ్ అట్లాస్’ వెలువడింది. అందులో మబ్బులు పది రకాలు, తొమ్మిదోది క్యుములోనింబస్. ఎండాకాలం సాయంత్రాల్లో ఉరుములు, పిడుగులు, వడగళ్లతో విరుచుకుపడేది ఇదే. దీని తల పది కిలోమీటర్లు దాటి పైకి పోతుంది. అంత ఎత్తుకు చేరినవాడికి ఇక చింతేముందన్నది ఆ కథ సారం.

కథ ముచ్చటగానే ఉంది. అచ్చులో దొరికే ఆధారాలు మాత్రం దాన్ని బలపరచవు. 1935లో అమెరికాలో ఆల్బిన్ పొలాక్ నేరగాళ్ల యాస మాటలన్నీ ఏరి ‘ది అండర్‌వరల్డ్ స్పీక్స్’ అనే నిఘంటువు కూర్చాడు. అందులో ఉన్నది ‘క్లౌడ్ ఎయిట్’. దాని అర్థం సంతోషం కాదు, తప్పతాగిన మైకం. 1950లకు వచ్చేసరికి ‘క్లౌడ్ సెవెన్’, ‘క్లౌడ్ నైన్’ రెండూ ఆనందానికే వాడుకయ్యాయి. ఏడుకు గట్టి అండే ఉంది: యూదు, ఇస్లాం సంప్రదాయాల్లోని ఏడు స్వర్గాల ఊహతో ముడిపడిన ‘సెవెన్త్ హెవెన్’ అప్పటికే ఇంగ్లిష్‌లో పాతుకుపోయింది. అట్లాసే మూలమైతే అంకె ఇన్ని చోట్ల తిరిగేది కాదు.

చివరకు తొమ్మిదే నిలిచింది. దానికి పాట కూడా తోడైంది. 1968లో టెంప్టేషన్స్ అనే గాయక బృందం ‘క్లౌడ్ నైన్’ పాడింది. మత్తుమందుల పాట అని కొందరు అనుమానించారు, బృందం కాదంది. మోటౌన్ రికార్డు సంస్థకు తొలి గ్రామీ అవార్డు తెచ్చింది ఆ పాటే. 1987లో గాయకుడు జార్జ్ హారిసన్ తన ఆల్బమ్‌కూ అదే పేరు పెట్టాడు. నుడికారానికి నంబరు వేసింది శాస్త్రజ్ఞులు కాదు. పదిమంది నోళ్లలో నలిగి అది తానే కుదురుకుంది.

వాడేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఉన్నట్టుండి ఉప్పొంగి, కొన్నాళ్లకు సద్దుమణిగే సంబరానికే ఇది తగిన మాట. పెళ్లి కుదిరిన రోజుకు సరిపోతుంది, ముప్పై ఏళ్ల నిండు కాపురానికి సరిపోదు. మాటామంతీలో, ఇంటర్వ్యూల్లో చక్కగా ఒదుగుతుంది. ఆఫీసు ఉత్తరాల్లో మాత్రం ‘చాలా సంతోషం’ అని రాస్తేనే నిండుగా ఉంటుంది.