ఇంటి వయసు వేరు, ఇంటి ఆరోగ్యం వేరు

వానలు మొదలయ్యేలోపు ఒక సంగతి మాట్లాడుకోవాలి.

ముంబయిలో కామాఠీపురాకు ఆ పేరు మనవాళ్ల వల్లే వచ్చింది. 18వ శతాబ్దం చివర్లో తెలుగు నేల నుంచి వచ్చిన కామాఠీలు ఈ నగరంలో రాళ్లు మోశారు, గోడలు కట్టారు, అక్కడే స్థిరపడ్డారు. ఇళ్లు కట్టినవాళ్ల వారసులమైన మనం ఇప్పుడు పాత ఇళ్ల కింద భయంభయంగా నిద్రపోతున్నాం. ఎందుకిలా అయింది?

1947 అద్దె చట్టం కిరాయిలను 1940 నాటి లెక్కకు కట్టేసింది. పేదవాడికి నీడ దక్కింది. కానీ ఆ కిరాయితో మరమ్మతు గిట్టదని యజమానులు చేతులెత్తేశారు. టేకు దూలాల మీద నిలిచిన ఇళ్లలో మోరీల నీళ్లు గోడల్లోకి ఇంకి, దూలాల కొసలు లోలోపలే పుచ్చిపోయాయి.

ఇళ్లు వరసగా కూలుతుంటే 1969లో మరమ్మతుల బోర్డు చట్టం వచ్చింది. సెస్ వసూలు చేసి, ఆ డబ్బుతో మరమ్మతులు చేయించే ఏర్పాటు అది. సుమారు 19,600 ఇళ్లను కట్టిన ఏడాదిని బట్టి మూడు తరగతులు చేశారు. సెస్ వేయడానికి ఆ లెక్క సరిపోయింది. కానీ ఏ దూలం పుచ్చిందో కట్టిన తేదీ చెప్పదు.

ఇప్పుడు 30 ఏళ్లు దాటిన భవనాన్ని కార్పొరేషన్‌లో నమోదైన స్ట్రక్చరల్ ఇంజనీరుతో పరీక్ష చేయించాలన్నది చట్టం. సి-1 అంటే ఖాళీ చేసి కూల్చాల్సిందే. సి-2ఎ అయితే ఖాళీ చేసి పెద్ద మరమ్మతు, సి-2బి అయితే ఖాళీ చేయకుండానే మరమ్మతు. సి-3కి చిన్న రిపేర్లు చాలు.

మన సంఘం హాలుకూ 30 దాటాయి. స్లాబు పెచ్చులూడినచోట ఏటా సిమెంటు పూసి రంగేస్తున్నాం. లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బడం వల్లే పెచ్చులు ఊడతాయి. పైపూతతో తుప్పు ఆగదు.

"ఆడిట్ చేయిస్తే సి-1 రాసి హాలు లాగేసుకుంటారు" అని పెద్దలు కొందరు భయపడుతున్నారు. ట్రాన్సిట్ క్యాంపులకు వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి, కాబట్టి ఆ భయం ఉత్తిది కాదు. కానీ సి-3 దగ్గర చూసుకోని భవనమే చివరికి సి-1 అవుతుంది.

అందుకే మా మనవి: ఈసారి రంగుల డబ్బు ఆడిట్‌కు ఇద్దాం. ప్రతి పగులునూ తేదీ వేసి రిజిస్టరులో రాద్దాం. ముందు టెర్రస్ లీకు, తర్వాత పైపులు, ఆపైన ఇనుము. రంగు చివర్న.