అమీను ముట్టరాని వస్తువులు

బెజవాడనుండి బందరు పోవు మార్గమును, గుడివాడనుండి చల్లపల్లి మీదుగా దివిసీమకు పోవు మార్గమును కలియు చోటు పామర్రు. ఈ చుట్టుపట్ల పాతతరము రైతులకు బందరు పట్టణముతో రెండు సంబంధములుండెడివి. ఒకటి కలెక్టరు కచేరీ, రెండవది జిల్లా కోర్టు. శిస్తు మొదటిదానికి, అప్పు రెండవదానికి చెందిన విషయములు. ప్రోనోటు దావాయై, దావా డిక్రీయై, డిక్రీ అమలునకు వచ్చిననాడు కోర్టు అమీను గుమ్మము ముందు నిలుచును. అపుడు ఆ యింటిలో అతడు దేనిని జప్తుచేయవచ్చును? దేనిని ముట్టరాదు? ఈ ప్రశ్నకు శాసనము చెప్పిన సమాధానమును, అది మన డెల్టాలో ఎంతవరకు అక్కరకు వచ్చినదో ఆ సంగతిని నేడు ముచ్చటింతము.

అప్పు రాబట్టుకొనుటకు మనుధర్మశాస్త్రము ఐదు ఉపాయములను చెప్పినది: ధర్మము, వ్యవహారము, ఛలము, ఆచరితము, బలము. కడపటిదానిని బట్టి ఆనాటి బాకీదారుని స్థితి ఊహించుకొనవచ్చును. అయినను ఆ శాస్త్రమే మరియొక కట్టడి చేసినది. ఒక్కమారుగా రాబట్టు వడ్డీ అసలును మించరాదు. దీనినే తరువాతివారు దామదుపటు అనిరి. ఇంగ్లీషువారి పాలనలో బొంబాయి రాజధాని కోర్టులు ఈ నియమమును హిందువుల అప్పులకు వర్తింపజేసినవి. మన మద్రాసు రాజధాని కోర్టులు వర్తింపజేయలేదు. కావున ఇచట వడ్డీ అసలును ఎన్ని రెట్లు మించినను అడ్డు లేకపోయెను.

1875లో పూనా, అహమ్మదునగరు జిల్లాల రైతులు షావుకార్ల యిండ్లపై బడి అప్పుపత్రములను తగులబెట్టిరి. ఆ అలజడి ఫలితముగా 1879లో దక్కను వ్యవసాయదారుల చట్టము వచ్చెను. దేశమంతటికిని వర్తించు సివిలు ప్రొసీజరు కోడులోను, 1882 నాటికే, సేద్యగాని పనిముట్లకు రక్షణ యుండెను. 1908 నాటి కోడులోని 60వ సెక్షను ఆ జాబితాను విస్తరించినది. అది చదువదగిన జాబితా. బాకీదారునకు, అతని భార్యాబిడ్డలకు కావలసిన కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచములు, పరుపులు, మతాచారము ననుసరించి స్త్రీ విడువరాని నగలు, అనగా మన యిండ్లలో మంగళసూత్రము, చేతిపనివాని పనిముట్లు, సేద్యగాని అరక సామగ్రి, అతని జీవనమునకు అవసరమని కోర్టు తలచినన్ని పశువులు, విత్తనపు గింజలు, అతడు కాపురముండు ఇల్లు. వీనిని జప్తుచేయరాదు. 62వ సెక్షను మరింత సున్నితమైనది. సూర్యాస్తమయము తరువాత, సూర్యోదయమునకు ముందు అమీను నివాసగృహములో అడుగుపెట్టరాదు. ఘోషా స్త్రీ యున్న గదిలోనికి పోవలసివచ్చినచో ఆమెకు ముందుగా తెలిపి, వెడలిపోవుటకు వ్యవధి నీయవలెను. కోర్టు భాష కర్కశమని మన మనుకొందుము గాని, ఈ రెండు సెక్షనులు వ్రాసినవారు ఒక సంసారమును కన్నులార చూచినవారే.

అయితే ఈ జాబితాలో ఒకటి లేదు. అది భూమి.

మెట్టసీమలో ఎద్దులే రైతు ఆస్తి కావచ్చును. కృష్ణా డెల్టా సంగతి వేరు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన పిదప మాగాణి ఎకరము బంగారమైనది. అప్పిచ్చువాని దృష్టియు దానిమీదనే నిలిచినది. ఇచట అప్పిచ్చినవారు చాలవరకు పరదేశపు షావుకార్లు కారు, అదే గ్రామములోని పెద్దరైతులు. పొరుగువాని యెద్దులతో వారికేమి పని? వారికి కావలసినది గట్టు ప్రక్క చేను. అరకను, గింజను వదలి భూమిని వేలమువేసిన, ఆ అరకతో దున్నునది ఎవరి చేను? ఇల్లు కూడ తనఖా పెట్టిన మరుక్షణము ఆ రక్షణ తొలగును. తనఖా డిక్రీకి 60వ సెక్షను అడ్డు రాదని న్యాయస్థానములు నిర్ణయించినవి. ఇంకొక వింత యున్నది. చేనిలో నిలిచియున్న పైరు కోడు నిర్వచనము ప్రకారము చరాస్తి! వేళ్లూని కదలని వరిని చరాస్తిగా జప్తుచేయవచ్చును. మరుసటి పంటవరకు రైతు కుటుంబమునకు చాలినంత ధాన్యమును మినహాయించు అధికారమును 61వ సెక్షను ప్రభుత్వమున కిచ్చినది.

1929 తరువాత ధాన్యపు ధర కొలది యేండ్లలో సగమునకు దిగినది. అప్పు మాత్రము రూపాయలలోనే నిలిచియున్నది. నూరు బస్తాలతో తీరవలసిన బాకీకి ఇన్నూరు బస్తాలు కావలసివచ్చెను. అప్పుడు వస్తువులను కాపాడుట చాలదనియు, అప్పునే తగ్గింపవలెననియు పాలకులకు తోచినది. రాజగోపాలాచారి మంత్రివర్గము 1938లో తెచ్చిన మద్రాసు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము ఆ పని చేసినది. 1932 అక్టోబరు 1కి ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలువయున్న వడ్డీ యంతయు రద్దు. అసలుకు రెట్టింపు అదివరకే చెల్లించియున్నచో అప్పే రద్దు. కోర్టులు త్రోసివేసిన దామదుపటు శాసనసభ ద్వారమున ఈ రూపమున తిరిగివచ్చిన దన్నమాట. చట్టము వచ్చిన తరువాత చేసిన అప్పులకు నూటికి సాలుకు ఆరుంబావు మించి వడ్డీ లేదు. వెలువడిన డిక్రీలను సైతము తిరుగ లెక్కకట్టవచ్చును.

ఈ చట్టములో నాకు మిక్కిలి నచ్చినది ఒక మినహాయింపు. వేరు ఆస్తి యేమియు లేని స్త్రీకి రావలసిన బాకీ, అసలు రు. 3,000 మించనిచో, ఈ తగ్గింపునకు లోబడదు. మన పల్లెలలో భర్త పోయిన యాడుది తన కొద్దిపాటి సొమ్మును వడ్డీకి త్రిప్పి కడుపు నింపుకొనుట తెలిసినదే. అప్పిచ్చినవా డెల్లప్పుడు బలవంతుడు కాడని శాసనకర్తలు గుర్తుంచుకొనిరి.

అప్పిచ్చినవారు ఊరకుండలేదు. ప్రోనోట్లు కేంద్రశాసనసభ పరిధిలోనివి, రాష్ట్రము చేయి పెట్టరాదని ఫెడరలు కోర్టువరకు పోయిరి. 1940లో ఆ కోర్టులోని అధికసంఖ్యాకులు, డిక్రీ అయిన పిదప అది ప్రోనోటు కాదు, డిక్రీ బాకీయే, దానిపై రాష్ట్రచట్టము చెల్లునని తీర్పుచెప్పిరి. ఏ డిక్రీతో రైతును పట్టదలచిరో ఆ డిక్రీయే వారి వాదమును పట్టియిచ్చినది.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పవచ్చును. నిజముగా నేలదున్ని బ్రతుకువాడే 60వ సెక్షనులోని వ్యవసాయదారుడని సుప్రీముకోర్టు అభిప్రాయపడెను. 1976 సవరణ కూలివాని యింటికిని, ఇంటిపనివాని యింటికిని ఆ రక్షణ నిచ్చినది. 1977లో ఆంధ్రప్రదేశు శాసనసభ చిన్నరైతుల, వ్యవసాయ కూలీల, గ్రామీణ చేతిపనివారల ఋణముల విమోచనకై 7వ చట్టమును చేసినది. 2002లో బ్యాంకులు కోర్టుకు పోకయే తాకట్టు ఆస్తిని స్వాధీనపరచుకొను చట్టము వచ్చినపుడు, వ్యవసాయభూమిని దానినుండి మినహాయించిరి. అరక స్థానమున ట్రాక్టరు వచ్చినది. అది తరచు అప్పుతోనే కొనబడి, అప్పిచ్చినవాని హక్కునకు లోబడియే చేనిలో తిరుగుచుండును. మాగాణి తనఖామీద అప్పిచ్చిన బ్యాంకు మాత్రము నేటికిని తీర్పుకై న్యాయస్థానపు మెట్లెక్కవలసినదే. ఆ తీర్పు పట్టుకొని వచ్చు అమీను, ప్రొద్దుక్రుంకిన పిదప గడప దాటరాదు.